ఐసెట్ గణితం: పదో తరగతితోనే లెక్కలు వదిలేసినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి

ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రెండు తెలుగు రాష్ట్రాలూ పెట్టే ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. బీకామో, బీఏనో, బీజెడ్‌సీనో చదివి, పదో తరగతి తర్వాత లెక్కల జోలికి పోనివాళ్లు సిలబస్‌లో మాత్రికలు, అవధులు, ద్విపద సిద్ధాంతం అన్న పేర్లు చూసి బెదిరిపోతారు. అసలు ఇబ్బంది అక్కడ లేదు. ఆ అధ్యాయాల నుంచి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక సూత్రంతో, రెండు మెట్లలో తేలిపోతాయి. మార్కులు పోయేది 45 సెకన్ల దగ్గర. తెలిసిన లెక్కకే రెండు నిమిషాలు పడితే, తెలిసిన ఇంకో రెండు లెక్కలు చూడకుండానే టైం అయిపోతుంది. కాబట్టి సిలబస్ పూర్తి చేయడం ఎంత పనో, చేతి వేగం పెంచుకోవడమూ అంతే పని.

ముందు మీ పేపర్ ఏదో చూసుకోండి. తెలంగాణ ఐసెట్‌లో సెక్షన్ బి మొత్తం గణితమే, 75 ప్రశ్నలు: అంకగణితం 35, బీజగణితం-రేఖాగణితం 30, సాంఖ్యకశాస్త్రం 10. ఆంధ్రప్రదేశ్ ఐసెట్‌లో గణితం 55 ప్రశ్నలు. అక్కడా అంకగణితం 35, సాంఖ్యకశాస్త్రం 10 ఉంటాయి గానీ బీజగణితం-రేఖాగణితం 10కి తగ్గి, ఆ మేరకు కమ్యూనికేషన్ ఎబిలిటీ పెరిగింది. ఆంధ్రా పేపర్ రాసేవాళ్లు త్రికోణమితి మీద నెల రోజులు పెట్టడం దండగ. తెలంగాణ పేపర్ రాసేవాళ్లు దాన్ని వదిలేస్తే నష్టపోతారు. మీరు రాసే ఏడాది నోటిఫికేషన్‌లో ఈ విభజన మరోసారి సరిచూసుకోండి. రెండు పరీక్షల్లోనూ తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అర్హత మార్కు 25 శాతం, అంటే 50. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు నిబంధన లేదు. అయితే సీటు తేల్చేది ర్యాంకు, అర్హత దానికి గేటు మాత్రమే.

ఈ సిలబస్ ఎక్కడిదో తెలిస్తే పుస్తకాలు వెతుక్కోవడం తేలిక. ప్రవచనాలు (సత్యమో అసత్యమో తేల్చగల వాక్యాలు), సమితులు, ప్రమేయాలు (ఫంక్షన్లు), శేష సిద్ధాంతం, శ్రేఢులు, మాత్రికలు, త్రికోణమితి, సాంఖ్యకశాస్త్రం... 2014కి ముందున్న పదో తరగతి గణితంలో ఇవన్నీ ఉండేవి. కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాక ప్రవచనాలు, మాత్రికలు అందులోంచి పోయాయి. అందుకే కొత్త పుస్తకాలు చదివి వచ్చినవాళ్లకు ఈ రెండూ కొత్తగా కనిపిస్తాయి. ఇంట్లో అన్నయ్యదో అక్కదో పాత పదో తరగతి పుస్తకం దొరికితే అది చాలా పనికొస్తుంది. దొరకకపోతే మాత్రికలకు ఇంటర్ 1ఎ, అవధులకు 1బి, ద్విపద సిద్ధాంతానికి 2ఎ పుస్తకాలు తీసుకుని, ప్రతి అధ్యాయంలో తేలికైన తొలి అభ్యాసాల వరకే చేయండి. అంతకంటే లోతుకు వెళ్లడం ఐసెట్‌కు అనవసరం.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంకో పని చేయాలి. కోచింగ్ మెటీరియల్ ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటుంది, పరీక్షలో గణితం ప్రశ్నలు తెలుగులోనూ కనిపిస్తాయి. రెండు పేర్లూ తెలియకపోతే తెలిసిన లెక్క కూడా తెలియనట్టే కనిపిస్తుంది. కరణులంటే సర్డ్స్, బాహుళకం అంటే మోడ్, మధ్యగతం అంటే మీడియన్, అవకలజం అంటే డెరివేటివ్, పునరుక్తి అంటే టాటాలజీ. ఇలాంటి జతలు నలభై యాభై ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటే వారంలో అలవాటవుతాయి.

మొదటి రోజు: పాత పేపర్

చదవడం మొదలుపెట్టకముందే పాత ఏడాది పేపర్ ఒకటి తీసుకుని గణితం భాగం మాత్రం గంటలో చేయండి. మార్కు ఎంతైనా పర్వాలేదు. పోయిన ప్రతి ప్రశ్న పక్కనా మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: పద్ధతే తెలియదు, పద్ధతి తెలిసీ కూడికో తీసివేతో తప్పింది, చేయగలిగేదే గానీ టైం చాలలేదు. చాలామంది మొదటి రకమే ఎక్కువుంటుందని అనుకుంటారు. గుర్తులు పెట్టాక చూస్తే రెండోది, మూడోది కలిపి దాన్ని మించడం తరచూ జరుగుతుంది. ఆ రెండింటికీ కొత్త పాఠం మందు కాదు. రోజూ ఇరవై నిమిషాల నోటిలెక్కలు కావాలి. కాలిక్యులేటర్ ఇవ్వరు కాబట్టి 30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు, 20 వరకు ఎక్కాలు నోటికి రావాలి. వీటితోపాటు భిన్నం-శాతం పట్టిక: ఆరో వంతు 16 2/3 శాతం, ఏడో వంతు 14 2/7, ఎనిమిదో వంతు 12 1/2, తొమ్మిదో వంతు 11 1/9, పన్నెండో వంతు 8 1/3. వస్తువు ధర 25 శాతం పెరిగితే అదే ఖర్చులో ఉండాలంటే వాడకం ఎంత తగ్గాలి అని అడిగితే, 25 శాతం అంటే నాలుగో వంతు, నాలుగు భాగాలు ఐదయ్యాయి, ఐదులో ఒకటి తగ్గాలి, జవాబు 20 శాతం అని కలం కదపకుండా వచ్చేయాలి.

అంకగణితం: సగం రోజులు దీనికే

రెండు రాష్ట్రాల్లోనూ 35 ప్రశ్నలు ఇక్కడివే. శాతాలతో మొదలుపెట్టండి. లాభనష్టాలు, భాగస్వామ్యం వాటి మీదే నిలబడి ఉన్నాయి. శాతాల్లో తప్పులకు మూలం ఒకటే: ఏ సంఖ్య మీద శాతమో మరిచిపోవడం. ప్రకటించిన ధర కొన్నధర కంటే 40 శాతం ఎక్కువ, దాని మీద 25 శాతం డిస్కౌంట్ అంటే లాభం 15 శాతం అని రాసేస్తారు. 40 శాతం కొన్నధర మీద, 25 శాతం ప్రకటించిన ధర మీద. కొన్నధర 100 అనుకుంటే ప్రకటించినది 140, అందులో నాలుగో వంతు 35 పోతే 105. లాభం 5 శాతమే. ఆప్షన్లలో 15 తప్పకుండా ఉంటుంది, పేపర్ తయారుచేసేవాళ్లకు ఈ తప్పు బాగా తెలుసు. రెండు వస్తువులు ఒక్కోటి 1,200 రూపాయలకు అమ్మి, ఒకదానిపై 20 శాతం లాభం, రెండోదానిపై 20 శాతం నష్టం వచ్చిందంటే లాభమూ లేదు, నష్టమూ లేదు అనిపిస్తుంది. మొదటిది కొన్నది 1,000కి, రెండోది 1,500కి. 2,500 పెట్టి 2,400 రాబట్టారు, 4 శాతం నష్టం. అమ్మినధర ఒకటే అయి, లాభనష్టాల శాతం కూడా ఒకటే అయితే ఎప్పుడూ నష్టమే. ఎంతంటే ఆ శాతాన్ని వర్గం చేసి 100తో భాగించినంత.

భాగస్వామ్యంలో పెట్టుబడిని నెలలతో గుణించకుండా నిష్పత్తి రాయడం మామూలు పొరపాటు. ఒకరు 40,000 ఏడాదంతా, మరొకరు 60,000 ఎనిమిది నెలలు పెడితే వాటా 2:3 కాదు. రెండూ 4,80,000 అవుతాయి, లాభం సమానంగా పంచాలి.

పని-కాలం లెక్కల్లో భిన్నాలు కూడే పాత పద్ధతి వదిలేయండి. ఒకరు 12 రోజుల్లో, మరొకరు 18 రోజుల్లో చేస్తారంటే మొత్తం పనిని 12, 18ల క.సా.గు అయిన 36 యూనిట్లు అనుకోండి. మొదటివారు రోజుకు 3, రెండోవారు 2, కలిసి 5. జవాబు 36/5, అంటే 7 1/5 రోజులు. ఈ పద్ధతి విలువ చిక్కు ప్రశ్నల్లో తెలుస్తుంది. ఇద్దరూ రోజు విడిచి రోజు చేస్తారు, మొదటివారు ఆరంభిస్తారు అంటే రెండు రోజులకు 5 యూనిట్లు, 14 రోజులకు 35. మిగిలిన ఒక యూనిట్ మొదటివారి వంతు, రోజుకు 3 చేస్తారు కాబట్టి మూడో వంతు రోజు. మొత్తం 14 1/3. కుళాయిలూ ఇంతే. 6 గంటల్లో నింపే గొట్టం, 9 గంటల్లో ఖాళీ చేసే గొట్టం కలిపి తెరిస్తే 18 యూనిట్ల తొట్టిలో గంటకు 3 వచ్చి 2 పోతాయి, నిండడానికి 18 గంటలు. ఖాళీ చేసే గొట్టానికి మైనస్ గుర్తు పెట్టడం మరిస్తే లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది.

కాలం-దూరంలో రెండే జాగ్రత్తలు. ఒకటి, వెళ్లేటప్పుడు 40, వచ్చేటప్పుడు 60 వేగమైతే సగటు 50 కాదు, 48. తక్కువ వేగంతో ఎక్కువసేపు నడిచారు కాబట్టి సగటు తక్కువ వేగం వైపు జరుగుతుంది. రెండు, రైలు లెక్కల్లో గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి 5/18తో మార్చాకే ముందుకు వెళ్లాలి. 150 మీటర్ల రైలు 54 కిలోమీటర్ల వేగంతో 300 మీటర్ల ప్లాట్‌ఫాం దాటాలంటే వేగం 15, దూరం రైలూ ప్లాట్‌ఫాం కలిపి 450, పట్టేది 30 సెకన్లు. రైలు పొడవు కలపకపోతే 20 వస్తుంది, అదీ ఆప్షన్లలో ఉంటుంది.

వైశాల్యాలు, ఘనపరిమాణాల్లో పై (π) విలువ వేసి గుణించే ముందు ఒక్క క్షణం ఆగండి. 6 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న గోళాన్ని కరిగించి 1 సెంటీమీటరు గోళాలు ఎన్ని చేయొచ్చు అంటే పై, 4/3 రెండువైపులా పోతాయి. 6 ఘనం 216, అదే జవాబు. నిష్పత్తి అడిగిన ప్రతిచోటా ఇలా కొట్టివేతలే సగం పని చేస్తాయి.

చిన్న అధ్యాయాలు, సులువు మార్కులు

మాడ్యులర్ అంకగణితం పేరు చూసి దాటేసేవాళ్లు ఎక్కువ. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. 3 పవర్ 50ని 7తో భాగిస్తే శేషం ఎంత? 3 పవర్లకు 7తో శేషాలు వరసగా 3, 2, 6, 4, 5, 1. ఒకటి వచ్చిందంటే చుట్టు పూర్తయింది, ఆరింటికోసారి తిరుగుతుంది. 50ని 6తో భాగిస్తే 2 మిగులుతుంది, చుట్టులో రెండోది 2, అదే జవాబు. ప్రతిసారీ అసలు పవర్ కట్టక్కర్లేదు, ముందు శేషాన్ని 3తో గుణించి మళ్లీ 7తో భాగించుకుంటూ పోవడమే. ఒకచోట కాలు జారుతుంది: ఘాతాన్ని చుట్టు పొడవుతో భాగిస్తే సున్నా మిగిలినప్పుడు చుట్టులో చివరిది తీసుకోవాలి, మొదటిది కాదు. 3 పవర్ 48 అడిగితే జవాబు 1.

ప్రవచనాల్లో కంఠతా రావాల్సినవి కొన్నే. 'అయితే' వాక్యం తప్పయ్యేది ఒక్క సందర్భంలోనే, మొదటిది సత్యమై రెండోది అసత్యమైనప్పుడు. మొదటిది అసత్యమైతే మొత్తం వాక్యం సత్యమే, ఇది మనసుకు ఎక్కకపోయినా సత్యపట్టికలో అంతే. 'వాన పడితే నేల తడుస్తుంది' అన్నదానికి విపర్యయం 'నేల తడిస్తే వాన పడుతుంది', విలోమం 'వాన పడకపోతే నేల తడవదు', ప్రతివర్తితం 'నేల తడవకపోతే వాన పడలేదు'. మూల వాక్యంతో సత్యవిలువ ఎప్పుడూ కలిసేది ప్రతివర్తితానికే. విపర్యయమూ విలోమమూ తమలో తాము కలుస్తాయి, మూలంతో కలవాలని లేదు.

మాత్రికల్లో తరగతులు (అడ్డువరసలు × నిలువువరసలు) కలుస్తాయా లేదా అన్నదే ముందు చూడాలి. 3×2, 2×4 మాత్రికలను ఆ వరసలో గుణిస్తే 3×4 వస్తుంది, వరస మారిస్తే గుణకారమే కుదరదు. 2×2కి నిర్ధారకం (డిటర్మినెంట్), విలోమం (ఇన్వర్స్), లబ్ధం వేగంగా చేయగలిగితే ఈ అధ్యాయం మీది.

సాంఖ్యకశాస్త్రంలో 10 ప్రశ్నలు, అధ్యాయం చూస్తే చిన్నది. పెట్టిన గంటకు వచ్చే మార్కుల లెక్కన చూస్తే సిలబస్ మొత్తంలో ఇదే మేలైన బేరం. మధ్యగతానికి దత్తాంశాన్ని ఆరోహణ క్రమంలో రాయకుండా మధ్యది తీసేయడం పాత జబ్బు. బాహుళకం సుమారుగా 3 మధ్యగతం − 2 సగటు: సగటు 20, మధ్యగతం 22 అయితే 26. ప్రతి సంఖ్యకూ 5 కలిపితే సగటు 5 పెరుగుతుంది, ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) కదలదు. ప్రతి సంఖ్యనూ 3తో గుణిస్తే రెండూ మూడింతలవుతాయి. 1 నుంచి ఏదో సంఖ్య వరకు వరసగా ఉంటే, ఆఖరి సంఖ్య వర్గంలో ఒకటి తీసి 12తో భాగిస్తే విస్తృతి (వేరియన్స్). 1 నుంచి 7 వరకు 48/12, అంటే 4, దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనం 2. సంభావ్యతలో రెండు పాచికల మొత్తం 8 అయ్యే అవకాశాలు ఐదు: 2-6, 3-5, 4-4, 5-3, 6-2. జవాబు 5/36. 2-6, 6-2 వేర్వేరు, 4-4 ఒక్కటే. తప్పు జరిగేది ఈ లెక్కింపులోనే.

బీజగణితంలో ఆప్షన్లే ఆధారం

నాలుగు ఆప్షన్లు ఎదురుగా ఉన్నప్పుడు ప్రతి సమీకరణాన్నీ మొదటినుంచి సాధించక్కర్లేదు, ఆప్షన్లను అందులో పెట్టి చూడొచ్చు. మధ్య విలువతో మొదలుపెడితే ఎక్కువో తక్కువో తెలిసి సగం ఆప్షన్లు పోతాయి. త్రికోణమితి సర్వసమీకరణాల్లో కోణానికి ఒక విలువ వేసి సరిచూడటం మంచి పద్ధతే గానీ 0, 45 డిగ్రీలు వేయకండి. 0 దగ్గర చాలా పదాలు మాయమవుతాయి, 45 దగ్గర సైన్, కాస్ సమానమై రెండు మూడు ఆప్షన్లు ఒకే విలువకు వస్తాయి. 30 వేస్తే తేడాలు బయటపడతాయి. ఎత్తులు-దూరాల్లో 30-60-90 త్రిభుజం భుజాలు 1:√3:2 అన్నది చాలు. స్తంభం వైపు 40 మీటర్లు నడిస్తే ఊర్ధ్వకోణం 30 నుంచి 60 అయిందంటే, ఎత్తు నడిచిన దూరంలో సగానికి √3 రెట్లు, 20√3 మీటర్లు. ఈ ఒక్క రూపం తిప్పి తిప్పి అడుగుతారు.

శేష సిద్ధాంతంలో భాజకం ఎక్స్ + 2 అయితే వేయాల్సింది −2. తొందరలో +2 వేసేస్తారు. అవధుల్లో నేరుగా విలువ వేస్తే 0/0 వచ్చినప్పుడు కారణాంకాలుగా విడదీసి కొట్టేయాలి: ఎక్స్ వర్గం − 9ని ఎక్స్ − 3తో భాగించినది, ఎక్స్ 3కి చేరుతున్నప్పుడు 6. ద్విపద సిద్ధాంతంలో మధ్యపదం, పదాల సంఖ్య అడిగేవి చాలు, మిగిలినవి టైం ఉంటేనే.

సెక్షన్ ఎలోనూ లెక్కలున్నాయి

డేటా సఫిషియెన్సీ 20 ప్రశ్నలు విశ్లేషణ సామర్థ్యం కింద ఉన్నా, కావాల్సింది గణితమే. ఇక్కడ జవాబు కనుక్కోవడం పని కాదు, కనుక్కోవడానికి ఇచ్చింది సరిపోతుందా అన్నదే పని. 'ఆ సంఖ్య ఎంత? మొదటి వాక్యం: దాని వర్గం 49. రెండో వాక్యం: అది ధన సంఖ్య.' మొదటిది చాలు అనిపిస్తుంది, కానీ −7 కూడా ఉంది. రెండూ కావాలి. మొదటి వాక్యం చదివాక దాన్ని చేత్తో మూసేసి రెండోదాన్ని ఒంటరిగా చూడటం అలవాటు చేసుకోండి. లేకపోతే మొదటి వాక్యంలో తెలిసింది రెండోదానిలోకి తెలియకుండానే జారిపోతుంది. ఏ ఆప్షన్‌కు ఏ అర్థమో సూచనల్లో రాసి ఉంటుంది, ప్రాక్టీస్ పుస్తకంలోని వరసను గుడ్డిగా నమ్మకండి.

ఎనిమిది వారాలు, రోజుకు రెండు గంటలు దొరుకుతాయనుకుంటే, మొదటి నాలుగు వారాలు అంకగణితానికి ఇవ్వండి. ఐదో వారం సాంఖ్యకశాస్త్రం, ప్రవచనాలు, సమితులు. ఆరో వారం బీజగణితం, మాత్రికలు. ఏడో వారం త్రికోణమితి, రేఖాగణితం. ఎనిమిదో వారం కొత్తది ఏదీ ముట్టకుండా పూర్తి పేపర్లే. రెండో వారం నుంచే ఆదివారం ఒక పూర్తి పేపర్ రాయాలి. సిలబస్ అయ్యాక రాద్దామని ఆగినవాళ్లకు వేగం నేర్చుకునే టైం మిగలదు. పేపర్ రాయడానికి రెండున్నర గంటలైతే, తప్పులు చూసుకోవడానికి ఇంకో రెండు గంటలు. తప్పుల నోట్‌బుక్‌లో పూర్తి లెక్క ఎక్కించకండి, ఎక్కడ జారారో ఒక్క వాక్యం చాలు: 'ప్లాట్‌ఫాం పొడవు కలపలేదు', 'శాతం అమ్మినధర మీద తీశాను'. పరీక్ష ముందు రోజు చదవాల్సింది ఆ నోట్‌బుక్కే.

పరీక్ష హాల్లో

ఐసెట్ కంప్యూటర్ మీద జరుగుతుంది, సెక్షన్లకు విడి టైం లేదు. తెలంగాణ పేపర్‌కు కమ్యూనికేషన్‌కు 25 నిమిషాలు, విశ్లేషణకు 60, గణితానికి 60, చివర్లో 5 చేతిలో ఉంచుకోవడం చాలామందికి సరిపడే పంపకం. గణితంలో మొదటి చుట్టు 40 నిమిషాలు: ప్రశ్న చదవగానే దారి కనిపిస్తేనే చేయండి, పది సెకన్లలో కనిపించకపోతే రివ్యూకి గుర్తు పెట్టి ముందుకు కదలండి. మిగిలిన 20 నిమిషాలు గుర్తు పెట్టినవాటికి. మొదటి చుట్టులోనే ఒక లెక్కతో పంతానికి పోవడం వల్ల చివర్లో ఉన్న సాంఖ్యకశాస్త్రం ప్రశ్నలు చూడకుండానే పోతుంటాయి. కావాలంటే ఆ పదింటితోనే మొదలుపెట్టండి.

తెర మీది సంఖ్యను రఫ్ కాగితం మీదికి ఎక్కించేటప్పుడు తారుమారవడం పేపర్ పరీక్షలో లేని కొత్త తప్పు. ఎక్కించాక ఒకసారి తెర చూడండి. రఫ్ కాగితంలో ప్రతి లెక్క పక్కనా ప్రశ్న నంబర్ వేస్తే రివ్యూలో మొదటినుంచి చేయక్కర్లేదు. ఈ అలవాటు ఇంట్లోనే రావాలి కాబట్టి చివరి మూడు మాక్ టెస్టులైనా కంప్యూటర్ మీదే రాయండి.

ఆఖరి ఐదు నిమిషాల్లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు. కోత లేని పరీక్షలో ఖాళీ వదలడం మార్కు చేజేతులా వదులుకోవడమే. రెండు ఆప్షన్లు ఎలాగూ కావని తేలినవాటికి ముందు పెట్టి, మిగిలినవాటికి ఏదో ఒకటే ఆప్షన్ వరసగా నింపేయండి. తర్వాత ప్రిలిమినరీ కీతోపాటు మీ రెస్పాన్స్ షీట్ కూడా వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, కీ తప్పని లెక్కతో రుజువు చేయగలిగితే గడువులోపు అభ్యంతరం పంపండి.